ట్రంకు పెట్టె, రికార్డర్, పంచాంగం: మూడేళ్ల వాడకం తర్వాత

మాది కర్నూలు పాతబస్తీ. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరు మునిగినప్పుడు మంచం కింద ట్రంకు పెట్టెలో ఉన్న ఫోటోలన్నీ తడిశాయి. నీళ్లు తీశాక బురదలోంచి ఏరి, ఆరబెట్టి, మళ్లీ అదే పెట్టెలో పెట్టేశాం. మూడేళ్ల కిందట మా జేజి (నాయనమ్మ) చెయ్యి విరిగి మంచానికే పరిమితమైనప్పుడు, పొద్దు పోవడం లేదంటే ఆ పెట్టె తీసి ముందు పెట్టాను. అప్పుడు మొదలైంది ఇంటి పెద్దల జ్ఞాపకాలు, పాత ఫోటోలు పోగుచేసే ఈ పని.

ఇన్నాళ్లలో నేను వాడినవి నాలుగు: ఫోన్‌లో ఉండే రికార్డర్, గూగుల్ ఫోటోస్కాన్, వంశవృక్షం గీసే ఒక యాప్, దేవుడి గూట్లో ఉండే పంచాంగం. వీటిలో నాకు ఎక్కువ పనికొచ్చింది పంచాంగమే.

జేజి ఆధార్ కార్డులో పుట్టిన తేదీ 1945 జనవరి 1. అది ఎవరో రాసింది రాసినట్టు ఉండిపోయింది. ఒకరోజు అడిగితే, "నేను పుట్టింది చిత్రభానులో. మా నాయన సెప్తాండె" అంది. పంచాంగంలో అరవై సంవత్సరాల పేర్లూ వరసగా ఉంటాయి కదా, లెక్క కడితే 1942 ఉగాది నుంచి 1943 ఉగాది మధ్య అని తేలింది. మళ్లీ చిత్రభాను వచ్చింది 2002లో. మా చిన్నాయన కొడుకు పుట్టింది అప్పుడే. జేజికీ మనవడికీ ఒకే సంవత్సరం అని తెలిసిన రోజు వాడి సంతోషం చూడాలి. అప్పటిదాకా ఫోన్ లోంచి తల ఎత్తనివాడు, ఇంట్లో పెద్దవాళ్లందరినీ "నీది ఏ సంవత్సరం?" అని అడిగి నోటు పుస్తకంలో రాయడం మొదలుపెట్టాడు. తేదీలు గుర్తులేని వాళ్లకు కూడా సంవత్సరం పేరు గుర్తుంటుంది. అదీ లేకపోతే ఊళ్లో జరిగిన పెద్ద సంగతులు పట్టుకోవాలి. "కర్నూలుకు రాజధాని వచ్చినప్పుడు నాకు పదకొండేండ్లు" అని జేజి అంది. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధాని అయింది కాబట్టి చిత్రభాను లెక్క సరిగ్గా కుదిరింది. వాళ్ల నాయనతో ఎద్దుల బండిలో వచ్చి ఆఫీసుల గుడారాలు చూసిన సంగతి ఆ మాట వెంటే బయటికొచ్చింది.

ఇక రికార్డర్. మొదటి నెల నేను చేసింది తప్పు. కాగితం మీద ప్రశ్నలు రాసుకుని ఎదురుగా కూర్చుని అడిగేదాన్ని. "ఏముండాదిలే, కష్టం చేసినాం, తిన్నాం" అనేది, అంతే. చెయ్యి నయమయ్యాక ఒక సాయంత్రం రొట్టెలు చేస్తుంటే ఫోన్ అల్మారాలో పెట్టి ఊరికే కూర్చున్నాను. వేన్నీళ్లు పోసి జొన్నపిండి పిసికింది, ముద్ద తీసుకుని తట్టడం మొదలుపెట్టింది. చెయ్యి తిరుగుతుంటే మాట కూడా దానంతటదే వచ్చింది. రికార్డింగులో ఆ తట్టే చప్పుడు గొంతు కంటే గట్టిగా వినిపిస్తుంది. కానీ ఆ చప్పుడు ఆగిందంటే అసలు సంగతి వస్తోందని అర్థం. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లకు పుట్టినూరు ఖాళీ చేసిన సంగతి అలాగే చెప్పింది. వాళ్లన్న ఇంటి తలుపులు, దూలాలు ఊడదీసి బండికెత్తాడట. చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. పెనం మీద రొట్టె మాడిన వాసన కూడా మేం గమనించలేదు. ప్రశ్నలు పక్కన పెట్టి, చేతికి పని ఉన్నప్పుడు మాట్లాడించండి. నా మూడేళ్ల అనుభవంలో దీనికి మించిన పద్ధతి లేదు.

ఫోటోస్కాన్ ఉచితం, వాడటం సులువు. ఒక ఫోటో తీశాక తెర మీద నాలుగు చుక్కలు కనిపిస్తాయి, ఫోన్‌ను ఒక్కో చుక్క మీదికి జరపాలి. లైటు మెరుపు పోతుంది. వరదలో అద్దానికి అంటుకుపోయిన పెళ్లి ఫోటోను పీకబోతుంటే మా అమ్మ ఆపింది. మంచిదైంది. అంటుకున్నదాన్ని పీకితే బొమ్మ అద్దం మీదే ఉండిపోతుంది. అద్దం పైనుంచే స్కాన్ చేశాను. ఫోటో వెనక వైపు కూడా తీయడం మరచిపోవద్దు, స్టూడియో ముద్ర, సిరాతో రాసిన పేరు అక్కడే ఉంటాయి. స్కాన్ చేసిన తేదీయే ఫోటో తేదీగా పడుతుంది కాబట్టి మార్చుకోవాలి. వాట్సాప్‌లో చుట్టాలకు పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపితే నాణ్యత తగ్గదు.

వంశవృక్షం యాప్ మాత్రం మా ఇంటికి సరిపడలేదు. మా జేజి కూతురిని జేజి తమ్ముడికే ఇచ్చారు. అంటే ఆయన జేజికి తమ్ముడూ అవుతాడు, అల్లుడూ అవుతాడు. యాప్‌లో ఆయన రెండు చోట్ల వచ్చాడు, కలిపితే గీతలన్నీ చిక్కుపడ్డాయి. చిన్నాయన, మామ, పెదనాయన అందరికీ ఒకే అంకుల్. ఆరు నెలలు కుస్తీ పట్టి వదిలేశాను. చివరికి నాలుగు చార్టులు అతికించి చేత్తో గీశాం. ఆడవాళ్ల పేర్ల పక్కన పుట్టింటి ఇంటిపేరు కూడా రాశాం. ఇది తప్పకుండా చేయండి. మా ఇంట్లో ముగ్గురు ముత్తవ్వల పుట్టింటి ఇంటిపేర్లు ఇప్పుడు చెప్పేవాళ్లే లేరు, అది తలచుకుంటే బాధగా ఉంటుంది.

సంక్రాంతికి అందరూ చేరినప్పుడు పేర్లు లేని ఫోటోలు పిల్లలకు పంచాం. పెద్దవాళ్లను అడిగి ఎక్కువ మందిని గుర్తుపట్టించిన వాళ్లకు బహుమతి. ఒక్క పూటలో పందొమ్మిది ముఖాలకు పేర్లు దొరికాయి. ఒక ఫోటో గురించి ఇద్దరు అత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

నష్టం కూడా చెప్పాలి. మొదటి ఏడాది నా ఫోన్ నీళ్ల తొట్టిలో పడి పదకొండు రికార్డింగులు పోయాయి. వాటిలో జేజినాయన అక్క గొంతు ఉంది. ఆమె ఇప్పుడు లేదు. అప్పటి నుంచి రికార్డు చేసిన రాత్రే ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి కాపీ చేస్తాను, అనంతపురంలో ఉన్న చిన్నాయనకు ఒకటి పంపుతాను. గంట మాటలు ఎంపీ3లో దాదాపు 60 ఎంబీ, అంతే.

రెండో వేసవిలో శ్రీశైలం జలాశయం నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడిందని తెలిసి జేజిని తీసుకుపోయాం. ఏడు నదులు కలిసే చోటని పేరు, ఇప్పుడది నంద్యాల జిల్లాలో ఉంది. దేవుడికి మొక్కి, గట్టు మీద నిలబడి, నీళ్ల వైపు చెయ్యి చాపి చాలాసేపు ఏదో చెప్పింది. ఇంటికొచ్చి వింటే అంతా గాలి హోరు. మధ్యలో ఒక్క మాట మాత్రం వినిపించింది: "అదో, ఆ చింతచెట్టు పక్కనే." అక్కడ చెట్టేమీ లేదు, నీళ్లే. గాలి ఉన్న చోట మైకు మీద పల్చటి గుడ్డ కప్పాలని తర్వాత తెలిసింది. ఈసారి నీళ్లు తగ్గితే మళ్లీ తీసుకుపోతాం.