టెక్సస్ బాస్ వేటకు నాలుగు లూర్లు చాలు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

డాలస్ చుట్టుపక్కల బాస్ (లార్జ్‌మౌత్ బాస్ అనే మంచినీటి చేప) ఫిషింగ్ మొదలుపెట్టే మనవాళ్లు ముందుగా అడిగేది ఏ లూరు, అంటే ఏ కృత్రిమ ఎర, కొనాలనే. ఒక్కటే కొంటామంటే నా ఓటు ఐదంగుళాల మెత్తటి ప్లాస్టిక్ వానపాముకే. గ్యారీ యమమోతో వాళ్ల సెంకో దీనికి మూలం. ఇప్పుడు అదే పోలికలో బోలెడు కంపెనీలు చేస్తున్నాయి. ఇర్వింగ్, ఫ్రిస్కోల్లో అపార్ట్‌మెంట్ల వెనక ఉండే చిన్న చెరువుల నుంచి లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, రే రాబర్ట్స్ లాంటి పెద్ద రిజర్వాయర్ల దాకా అన్నిచోట్లా వాడాను. ఏ కాలంలోనైనా చేపను ఒప్పించే లూరు నాకు ఇంకొకటి కనబడలేదు.

చూడటానికి దానికి ఏ హంగూ ఉండదు. తోక ఆడదు, గలగల లేదు, రెండు కొసలా సన్నబడిన కడ్డీ అంతే. దాని పనితనమంతా మునగడంలో ఉంది. ప్లాస్టిక్‌లో ఉప్పు దట్టంగా కలుపుతారు కాబట్టి సీసం కట్టకపోయినా దానంతటదే మునుగుతుంది. మునిగేటప్పుడు అడ్డంగా, రెండు కొసలూ సన్నగా వణుకుతూ దిగుతుంది. ఆ వణుకు మన చేతిలో లేదు, మనం చెయ్యాల్సింది దానికి అడ్డుపడకుండా ఉండటమే. విసిరాక లైను వదులుగా ఉంచి, అడుగుకు చేరేదాకా రీలు ముట్టుకోకూడదు. కొత్తవాళ్లకు ఇదే కష్టం. చెయ్యి ఊరుకోదు, రాడ్డు ఎగరేస్తూనే ఉంటారు.

గట్టు మీద నుంచి వేసేవాళ్లు దీన్ని టెక్సస్ రిగ్‌లో, అంటే హుక్కు మొన బయటికి కనబడకుండా, కట్టుకోవడం నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే. 3/0 సైజు ఆఫ్‌సెట్ హుక్కు (మెడ దగ్గర వంపు ఉన్నది) తీసుకుని, మొనను ప్లాస్టిక్ పురుగు తలలోకి పావు అంగుళం దించి పక్కనుంచి బయటికి లాగాలి. హుక్కు మెడలో వంపు దగ్గరికి రాగానే దాన్ని తిప్పి, పురుగును హుక్కు పక్కన చాచిపెట్టి, వంపు అడుగుభాగం ఎక్కడికి వస్తుందో గోటితో గుర్తు పెట్టుకోవాలి. అక్కడ నిలువునా గుచ్చి, మొన అవతలికి వచ్చాక దాని చివరను చర్మం కింద దాచేస్తే ఇక నాచు పట్టదు, మునిగిన కొమ్మ పట్టదు. కట్టాక పురుగు నిటారుగా ఉందో లేదో ఒకసారి కళ్లముందు పట్టుకుని చూడండి. ఎక్కడ మడత పడినా నీళ్లలో గిరగిరా తిరిగి లైనంతా మెలిపెడుతుంది.

నాచు లేని చోట, రేవు చెక్కల నీడన, నడిమికి గుచ్చే వాకీ రిగ్ ఇంకా బాగా పనిచేస్తుంది. ఉప్పు కలిపిన మెత్తటి ప్లాస్టిక్ ఏ కంపెనీదైనా తొందరగా చిరుగుతుంది. రెండు మూడు చేపలకు పురుగు సగానికి తెగిపోతుంది. నడుముకు చిన్న రబ్బరు రింగు తొడిగి ఆ రింగులోంచి హుక్కు దూర్చితే ప్యాకెట్టు చాలా రోజులు వస్తుంది. పది పురుగుల ప్యాకెట్టు ఎనిమిది డాలర్లు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి రింగులు కొనడం దండగ కాదు.

చేప పట్టిన సంగతి చేతికంటే ముందు కంటికి తెలుస్తుంది. బాస్ ఎరను కొరకదు, నీళ్లతో సహా లోపలికి పీల్చుకుంటుంది, నచ్చకపోతే అంతే వేగంగా ఊసేస్తుంది. మునుగుతున్న లైను ఉన్నట్టుండి ఆగిపోయినా, పక్కకు జరగడం మొదలెట్టినా ఎర చేప నోట్లో ఉన్నట్టే. అందుకే నీటి మీది మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలను నేను లూర్లతో సమానంగా లెక్కేస్తాను.

రంగుల విషయానికి వస్తే, పోయిన వసంతకాలం మా బావమరిది పెట్టె తెరిచి "బావా, నల్లది వెయ్యనా, ఆకుపచ్చది వెయ్యనా?" అన్నాడు. "పెట్టె కాదురా, ముందు నీళ్లు చూడు" అన్నాను. నీళ్లు తేటగా ఉంటే గ్రీన్ పంప్‌కిన్, వాటర్‌మెలన్ లాంటి సహజ రంగులు. వానలు పడి నీళ్లు టీ రంగుకు, బురద రంగుకు తిరిగితే నలుపూ నీలం కలిసినది. మసక నీళ్లలో చేపకు కనబడేది ఎర నీడ, ముదురు రంగుకు ఆ నీడ చిక్కగా ఉంటుంది. షాపులో వేలాడే అరవై రకాల్లో ఈ రెండు వర్గాలు దాటి నేను కొనేది అరుదు.

ఇక రెండోది లిప్‌లెస్ క్రాంక్‌బెయిట్, అంటే ర్యాట్-ఎల్-ట్రాప్ తరహా, చిన్నచేప ఆకారంలో ఉండే గట్టి లూరు. లోపల గుళ్లు గలగలమంటూ ఉంటాయి. దీనికి ఒక కాలం, ఒక చోటు ఉన్నాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో బాస్‌లు లోతు నుంచి గుడ్లు పెట్టే లోతు తక్కువ నీళ్ల వైపు కదులుతాయి. దారిలో నాచు అంచుల్లో ఆగుతాయి. డాలస్‌కు తూర్పున గంటన్నర దూరంలో ఉన్న లేక్ ఫోర్క్‌లో ఇది చూడాలి. దాదాపు 27,000 ఎకరాల రిజర్వాయరు, నీళ్లలో ఎండిన చెట్లు అలాగే నిలబడి ఉంటాయి. అక్కడ అర ఔన్సు ఎర్ర రంగు క్రాంక్‌బెయిట్‌ను నాచు పైనుంచి లాగుతూ, నాచుకు తగులుకున్నప్పుడు ఒక్క గుంజు గుంజి విడిపించాలి. చేప ఎరను కొట్టేది దాదాపు ఎప్పుడూ ఆ విడిపించిన క్షణంలోనే. నాచు తగలకుండా పైపైన లాగేస్తే పొద్దంతా లాగినా అంతే సంగతులు. ఆ ఎరుపు క్రాఫిష్ (రొయ్యలాంటి మంచినీటి జీవి) రంగు, ఆ రోజుల్లో బాస్‌కు ముఖ్యమైన తిండి అదే.

ఫోర్క్ ప్రస్తావన వచ్చింది కాబట్టి: టెక్సస్ రికార్డు బాస్ అక్కడిదే, 1992 జనవరిలో దొరికింది, 18.18 పౌన్లు. అది లూరుకు పడలేదు, క్రాపీ చేపల కోసం వేసిన బతికున్న చిన్నచేపకు పడింది. అంత పెద్ద చేపలు అక్కడ పెరగడానికి కారణం ఎర కాదు, జాతి. ఫ్లోరిడా రకం బాస్‌ను టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ దశాబ్దాలుగా తన హ్యాచరీల్లో పెంచి చెరువుల్లో వదులుతోంది. లూరు కంపెనీల ప్రకటనలు చూసేటప్పుడు ఇది గుర్తుంటే జేబుకు మంచిది.

మూడోది, తిరిగే రేకు బ్లేడున్న స్పిన్నర్‌బెయిట్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గాలి బాగా వీచి నీళ్లు అలలెత్తిన రోజున దీన్ని మించింది లేదు, గాలి లేని రోజున పెట్టెలోంచి తియ్యను. మసక నీళ్లకు గుండ్రటి కొలరాడో బ్లేడు, తేట నీళ్లకు పొడుగాటి విల్లో బ్లేడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది నాలుగోది, లోపల డొల్లగా ఉండే రబ్బరు కప్ప. గోదావరి జిల్లాల్లో కొరమీను కోసం కప్పపిల్లను గాలానికి గుచ్చి తుంగలో ఆడించేవాళ్లను చూసిన వాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు, పని అచ్చం అదే. కొరమీనులాగే బాస్ కూడా ఆకుల కింద మాటేసి పైకి దూకే చేప. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తెల్లవారుజామున, తామరాకులు పరుచుకున్న చోట కప్పను ఆకుల మీద వేసి, చిన్నచిన్న కుదుపులతో నడిపించి, ఆకుల మధ్య నీళ్లు కనబడే సందు దగ్గర ఆపాలి. ఆ ఆపడమే ముఖ్యం. నీళ్లు బద్దలైనట్టు చేప లేస్తుంది, గుండె ఝల్లుమంటుంది, చెయ్యి వెంటనే లాగమంటుంది. లాగకూడదు. కప్ప మాయమై, రాడ్డుకు బరువు తగిలాకే గట్టిగా గుంజాలి. అప్పటికప్పుడే లాగితే కప్ప ఒక్కటే గాల్లో ఎగిరి వస్తుంది. దీనికి 50 పౌన్ల బరువు తట్టుకునే అల్లిక లైను, బిరుసు రాడ్డు ఉండి తీరాలి. ఆకులతో సహా చేపను పైకి తేవాలి కదా. జులై, ఆగస్టుల్లో ఎండ ముదిరాక ఇది ఆగిపోతుంది. చేప లోతుకో, నీడకో పోతుంది. గట్టు మీద ఉన్నవాళ్లు తొమ్మిదింటికల్లా ఇంటికి రావడమే మేలు.

జనం ఎక్కువ వచ్చే పార్కు చెరువుల్లో బాస్‌లు లూర్లను చూసి చూసి జంకుతాయి. అక్కడికి మాత్రం నెడ్ రిగ్ ఒకటి తోడు పెట్టుకుంటాను. పుట్టగొడుగు ఆకారం తలకు మూడంగుళాల లోపు పురుగు, అడుగున నెమ్మదిగా ఈడ్చడం. పడేవి చిన్నవే, కానీ పిల్లలను తీసుకెళ్లిన రోజున అదే కావాలి. ఈ రిగ్‌కు బాగా సాగే ఇలాజ్‌టెక్ ప్లాస్టిక్ వాడతారు. దాన్ని మామూలు ప్లాస్టిక్ పురుగులతో కలిపి ఒకే అరలో పెట్టకండి, రెండూ కరిగి ముద్దైపోతాయి. దాని ప్యాకెట్టులోనే ఉంచితే ఏళ్లు మన్నుతుంది.

లూర్ల మీద మిగిలిన డబ్బు లైను మీద, హుక్కుల మీద పెట్టమని నా సలహా. ఫ్లోరోకార్బన్ రకం లైను మునుగుతుంది, అందుకే పురుగులకూ క్రాంక్‌బెయిట్‌లకూ 12 నుంచి 15 పౌన్లది బాగుంటుంది. నీటిపైన ఆడే లూరుకు అది పనికిరాదు, ముక్కు పట్టుకుని కిందికి లాగుతుంది. రే రాబర్ట్స్ లాంటి చోట్ల జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆలుచిప్పలు రాళ్లకు అతుక్కుని ఉంటాయి, వాటి అంచులు బ్లేడుల్లా లైను కోసేస్తాయి. నాలుగైదు విసుర్లకొకసారి చివరి రెండడుగుల లైను వేళ్ల మధ్య లాగి చూసి, గరుకు తగిలితే తెంచి మళ్లీ ముడి వెయ్యండి. మా బావమరిది ఆన్‌లైన్‌లో వందకు పైగా లూర్లున్న చవక పెట్టె తెప్పించాడు. మొదటి వారాంతంలోనే రంగు పెచ్చులూడింది, మూడు పౌన్ల చేపకే హుక్కు చీపురుపుల్లలా సాగిపోయింది. ఆ డబ్బుకు మంచి హుక్కుల ప్యాకెట్లు నాలుగు వచ్చేవి.

17 ఏళ్లు నిండినవారికి టెక్సస్‌లో లైసెన్సు తప్పనిసరి. మామూలు వార్షిక లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది కాబట్టి సెప్టెంబరులో కొనుక్కుంటే పూర్తి ఏడాది దక్కుతుంది. రాష్ట్రంలో చాలా చెరువుల్లో లార్జ్‌మౌత్ బాస్ 14 అంగుళాలుంటేనే ఉంచుకోవాలి, రోజుకు ఐదు. ఫోర్క్‌లో లెక్క వేరు: 16 అంగుళాలకు పైన, 24కు లోపల ఉన్నవన్నీ నీళ్లలోకే పోవాలి. ఇగురుకో పులుసుకో చేప కావాలంటే క్యాట్‌ఫిష్ పట్టుకోండి, అది రుచికీ మేలు, చెరువుకూ మేలు. బాస్‌ను నేనైతే వదిలేస్తాను. పట్టేముందు చెయ్యి తడుపుకోవాలి, పొడి చెయ్యి దాని ఒంటి జిగురును తుడిచేస్తుంది. పెద్ద చేపను ఒక్క దవడ పట్టుకుని అడ్డంగా వేలాడదీస్తే దవడ దెబ్బతింటుంది, రెండో చెయ్యి పొట్ట కింద పెట్టాలి. హుక్కు గొంతు లోపలికి దిగి ఉంటే పీకకండి, లైను దగ్గరగా కత్తిరించి వదిలేయండి. ఫొటో తీసేవాడు సిద్ధమయ్యాకే చేపను నీళ్లలోంచి పైకెత్తండి.