రాంనగర్‌లో నేను చేపలు కొనే దుకాణం

హైదరాబాద్‌లోని రాంనగర్ చేపల మార్కెట్‌కు దగ్గరలోని ఒక చిన్న దుకాణంలో ఏడాదిగా చేపలు కొంటున్నాను. ఆదివారం రద్దీలో కూడా ఏది చెరువు చేపో, ఏది సముద్రానిదో, ఏ తీరం నుంచి వచ్చిందో అడగగానే చెబుతారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటను నిషేధిస్తారు కనుక, మే నెలలో నేను వంజరం అడిగినప్పుడు, అది ఐసులో నిల్వ ఉన్న సరుకేనని యజమాని దాచకుండా చెప్పి, దానికి బదులు తొట్టెలో ఈదుతున్న కొర్రమీనును, అంటే మన తెలంగాణ రాష్ట్ర చేపను, చూపించారు. ధర బొచ్చె కంటే చాలా ఎక్కువే. అయితే రాళ్ల ఉప్పు, పసుపు పట్టించి జిగురు పోయేదాకా కడిగి, చింతపండు పులుసు బాగా మరిగిన తరువాతే ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా గిన్నెను పట్టుకొని తిప్పుతూ వండితే ఒక్క ముక్క కూడా చెదరలేదు (మెంతిపొడి చిటికెడు చాలు, మించితే చేదు). నాకు నచ్చనిది ఒక్కటే: మూరెడు పొడవైనా లేని వంజరం పిల్లలను కూడా ఒక మూల అమ్మకానికి పెడుతున్నారు, ఒక్కసారైనా గుడ్లు పెట్టని ఆ చేపలను, ఎంత చవకగా ఇచ్చినా, నేను కొనడం లేదు.