నూర్‌బర్గ్‌రింగ్‌కి ఏడు కార్లు, ఒక షెంజెన్ వీసా

మా కార్ క్లబ్‌లో నేనొక్కణ్ణే ఇండియన్‌ని, అంటే వీసా కావాల్సినవాణ్ణీ నేనొక్కణ్ణే. ఇంగ్లాండ్‌లో రీడింగ్ అనే ఊరి దగ్గర చిన్న క్లబ్ మాది, అందరివీ మాజ్దా ఎంఎక్స్-5 లే (రూఫ్ తీసే చిన్న రెండు సీట్ల కారు), కొత్తవి తక్కువ, తుప్పు పట్టినవి ఎక్కువ. 2024 జనవరి మీటింగ్‌లో మా సెక్రటరీ (68 ఏళ్ళు, రిటైర్డ్ ప్లంబర్, మనిషి బంగారం, ప్లానింగ్ మాత్రం సున్నా) మే నెలలో నూర్‌బర్గ్‌రింగ్ పోదాం అన్నాడు, అందరూ సై అన్నారు, ఎక్సెల్ షీట్ ఎవరు వేస్తారు అనగానే అందరూ నా వైపు తిరిగారు. సాఫ్ట్‌వేర్ వాడి బతుకు ఎక్కడైనా ఇంతే.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. జర్మనీలో ఐఫెల్ కొండల్లో 1927లో తెరిచిన రేస్ ట్రాక్ ఇది. పాత ట్రాక్ పేరు నార్డ్‌ష్లైఫే, పొడవు 20.8 కిలోమీటర్లు, 73 మలుపులు, అన్నిటికన్నా కింది చోటికీ పై చోటికీ 300 మీటర్ల ఎత్తు తేడా. ఫార్ములా వన్ డ్రైవర్ జాకీ స్టీవర్ట్ దీన్ని పచ్చ నరకం అన్నాడు. 1976 ఆగస్టు 1న ఇంకో ఫార్ములా వన్ డ్రైవర్ నికీ లౌడా కారు మంటల్లో చిక్కుకుంది ఇక్కడే, ఆ తర్వాత ఫార్ములా వన్ ఈ పాత ట్రాక్ మీద మళ్ళీ జరగలేదు. అయితే రేసులూ టెస్టింగులూ లేని టైమ్‌లో రోడ్డు మీద నడిపే కారూ లైసెన్సూ ఉంటే చాలు, డబ్బులు కట్టి ఎవరైనా లోపలికి పోవచ్చు. లెక్క ప్రకారం అది వన్ వే టోల్ రోడ్డు, జర్మనీ ట్రాఫిక్ రూల్సే వర్తిస్తాయి, ఓవర్‌టేక్ ఎడమ నుంచే చెయ్యాలి, ల్యాప్ టైమ్ కొలవకూడదు. ఈ చివరి రూల్ చదివినప్పుడు నాకు తిరుమల ఘాట్ రోడ్డు గుర్తొచ్చింది, అక్కడా ఎక్కడానికో రోడ్డు దిగడానికో రోడ్డు, మరీ తొందరగా దిగితే కింద చెక్‌పోస్ట్‌లో ఫైన్. మా నాన్న అలిపిరి చేరే ముందు పక్కన ఆపి టైమ్ గడవనిచ్చేవాడు. దేశాలు వేరు గానీ జనం తీరు ఒకటే.

ముందు వీసా సంగతి, ఎందుకంటే నా తల ప్రాణం తోకకొచ్చింది అక్కడే. బ్రిటిష్ పాస్‌పోర్ట్ వాళ్ళు ఊరికే కారెక్కి వచ్చేస్తారు, మనకి షెంజెన్ (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి చెల్లే వీసా) కావాలి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే అప్లై చెయ్యాలి, మాది బెల్జియం ఒక రాత్రి, జర్మనీ మూడు రాత్రులు కాబట్టి జర్మనీ. స్లాట్లు దొరకవు, రోజూ పొద్దున్న పళ్ళు తోముకుంటూ ఆ అపాయింట్‌మెంట్ పేజీ రిఫ్రెష్ కొట్టడమే పని, మార్చి రెండో వారంలో ఎవరో క్యాన్సిల్ చేసుకున్నది దొరికింది. ఫీజు అప్పుడు 80 యూరోలు, ఆ జూన్ నుంచి 90 చేశారు. 30 వేల యూరోలకి ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్స్, హోటల్ బుకింగ్‌లు, కారులో వెళ్తున్నాం కాబట్టి షటిల్ (సముద్రం కింద సొరంగంలో కార్లని ఫ్రాన్స్‌కి తీసుకెళ్ళే రైలు) టికెట్, కారు కాగితాలు కూడా పెట్టా. ప్రయాణం ఎందుకు అన్న చోట నిజమే రాశా, కార్ క్లబ్ డ్రైవింగ్ ట్రిప్ అని, కౌంటర్‌లో అమ్మాయి చదివి నవ్వింది. ఇచ్చిన వీసా ఏడు రోజులకి, సింగిల్ ఎంట్రీ. నాలాంటివాళ్ళు గ్రూప్‌లో ఉంటే హోటళ్ళన్నీ ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నవే బుక్ చెయ్యండి, వీసా చేతికొచ్చేదాకా దేనికీ నమ్మకం లేదు.

లైసెన్స్‌తో ఇబ్బంది లేదు, యూకే కార్డ్ లైసెన్స్ ఈ మూడు దేశాల్లోనూ చెల్లుతుంది. కారు వెనక యూకే స్టిక్కర్ (పాత జీబీ స్టిక్కర్ 2021 సెప్టెంబర్ నుంచి పనికిరాదు), హెడ్‌లైట్ల మీద కాంతి పక్కకి తిప్పే స్టిక్కర్లు, ట్రయాంగిల్, మెరిసే జాకెట్లు, ఫస్ట్ ఎయిడ్ బాక్స్, ఇవన్నీ సరే. అసలు కథ ఇన్సూరెన్స్.

ఇది కొంచెం నెమ్మదిగా చదవండి. నా పాలసీ కాగితాలు తీసి చదివితే ట్రాక్ డేలకి (డబ్బు కట్టి మన కారుని రేస్ ట్రాక్ మీద నడిపే రోజులు) వర్తించదు అని ఒక లైను, దాని కిందే నూర్‌బర్గ్‌రింగ్ అని పేరు పెట్టి మరీ ఇంకో లైను. ఏడుగురిలో ఐదుగురి పాలసీల్లో ఇదే తంతు, మిగతా ఇద్దరూ ఫోన్ చేస్తే కంపెనీ వాళ్ళు కుదరదన్నారు. అంటే టోల్ రోడ్డే కదా అని మనం ఎంత వాదించినా అక్కడ గుద్దితే మన కారు మన ఖర్చే, గార్డ్ రైల్ ఎన్ని మీటర్లు వంగితే అన్ని మీటర్లకి బిల్లు, కారు లాగే బండికి బిల్లు, ఇంకొకడికి తగిలితే అది వేరే కథ. మామూలు రెంటల్ కారు తీసుకుని వెళ్తాం అనేవాళ్ళు ఉంటారు, ఆ కాంట్రాక్టుల్లోనూ ట్రాక్ నిషేధమే, దొరికితే పాత బాకీతో సహా వసూలు చేస్తారు. అందుకే నేను తేల్చింది ఏంటంటే, సొంత కారులో అక్కడిదాకా వెళ్ళడం, ట్రాక్ మీద మాత్రం రింగ్ కోసమే అద్దెకిచ్చే వాళ్ళ కారు. లోపల రోల్ కేజ్ (బోల్తా పడ్డా మనం నలగకుండా వేసే ఇనుప చట్రం), ఒంటిని పట్టి ఉంచే బకెట్ సీట్లు, మంచి బ్రేకులు ఉంటాయి, డ్యామేజ్ అయితే మనం కట్టే మొత్తానికి ఒక హద్దు ముందే రాసి ఇస్తారు. ఆ హద్దు కూడా తక్కువేం కాదు, సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణికింది, కానీ ఎంత పోతుందో తెలిసి పోవడం వేరు. గ్రూప్‌లో ముగ్గురం అద్దె కారు అన్నాం, నలుగురు సొంతవే అన్నారు, సెక్రటరీ అయితే నలభై ఏళ్ళుగా నడుపుతున్నా నాకేంటి అన్నాడు.

బుధవారం ఫోక్‌స్టన్ నుంచి షటిల్. రైల్లోకి కారు ఎక్కించి 35 నిమిషాలు కారులోనే కూర్చుంటే ఫ్రాన్స్. ఫెర్రీ చవక, సముద్రం కనిపిస్తుంది, కానీ ఏడు కార్లు కలిసి దిగి కలిసి పోవాలంటే షటిలే సుఖం. పాస్‌పోర్ట్ దగ్గర నా ఒక్కడి కాగితాలే కాసేపు తిరగేశారు, వెనక ఆరు కార్లు హారన్ కొట్టకుండా ఓపిక పట్టాయి, అది వాళ్ళ గొప్పతనం. డంకర్క్, బ్రూజ్, గెంట్, బ్రస్సెల్స్ రింగ్, లియేజ్, అంతా మోటార్‌వే, చూడ్డానికి ఏమీ లేదు. బ్రస్సెల్స్ ఊళ్ళోకి దిగాలంటే మాత్రం బయటి దేశం కార్లు ముందే రిజిస్టర్ చేసుకోవాలి, పొల్యూషన్ జోన్, రింగ్ రోడ్డు మీద పోతే అక్కర్లేదు.

మొదటి రాత్రి స్టావెలో. స్పా-ఫ్రాంకోర్‌షాంప్ సర్క్యూట్ పక్క ఊరు, పాత క్రైస్తవ మఠం భవనంలో సర్క్యూట్ మ్యూజియం ఉంది, గంటన్నర సరిపోతుంది, తప్పకుండా చూడండి. ఇంకో మాట, ఇప్పటి స్పా ట్రాక్ 7 కిలోమీటర్లు గానీ పాతది 14 పైనే ఉండేది, ఆ పాత ముక్క మామూలు రోడ్డే, ఇప్పటికీ బస్సులూ ట్రాక్టర్లూ తిరుగుతుంటాయి. మాల్మెడీ వైపు నుంచి మాస్తా స్ట్రెయిట్ మీద పొద్దున ఆరున్నరకి రూఫ్ తీసేసి, స్పీడ్ లిమిట్‌లోనే, ఏడు కార్లు వరసగా పోయాం, పక్కన ఆవులు. ఇదే రోడ్డు మీద ఒకప్పుడు ఇళ్ళ మధ్యలోంచి ఫార్ములా వన్ కార్లు పోయాయంటే నమ్మబుద్ధి కాలేదు. నిజం చెప్పాలంటే ట్రిప్ మొత్తంలో ఖర్చు లేని గొప్ప అనుభవం ఇదే.

అక్కణ్ణుంచి సెయింట్ వీత్, ప్రూమ్ మీదుగా నూర్‌బర్గ్ వంద కిలోమీటర్లు ఉంటుందేమో. బస విషయంలో మూడు దారులున్నాయి, ట్రాక్‌ని ఆనుకుని ఉన్న పెద్ద హోటల్, నూర్‌బర్గ్ ఊళ్ళో గెస్ట్‌హౌస్‌లు, కిందనున్న అడెనౌ. పెద్ద హోటల్ మా బడ్జెట్ కాదు. మేం ఊళ్ళోనే ఒక గెస్ట్‌హౌస్ తీసుకున్నాం, ఫొటోల్లో బాగుంది, తీరా వెళ్తే ఏడు కార్లకి పార్కింగ్ అన్నది నాలుగు కార్లకే, డబ్బు క్యాష్ మాత్రమే, రాత్రి పదికి హీటర్ ఆపేశారు. ఐఫెల్‌లో మే నెల అంటే మన మే అనుకోకండి, దుప్పటి మీద జాకెట్ వేసుకుని పడుకున్నాం. క్యాష్ కోసం రాత్రి అడెనౌ ఏటీఎంకి పరుగు. మళ్ళీ వెళ్తే అడెనౌలోనే ఉంటా, పది నిమిషాలు కిందకి దిగాలంతే, పాత చెక్క దూలాల ఇళ్ళు, బేకరీ, సూపర్‌మార్కెట్ అన్నీ నడిచే దూరం. ఆదివారం జర్మనీలో షాపులన్నీ మూత, నీళ్ళూ తిండీ శనివారమే కొని పెట్టుకోండి, లేదంటే పెట్రోల్ బంకే దిక్కు.

గురువారం పగలు ట్రాక్ జనానికి మూసే ఉంది, కార్ కంపెనీల టెస్టింగ్. అదే మంచిదైంది. బ్రున్‌షెన్ అనే మలుపు దగ్గర పార్కింగ్‌లో బండ్లు పెట్టి కంచె పక్కన నిలబడితే నలుపు తెలుపు స్టిక్కర్లు చుట్టిన, ఇంకా మార్కెట్‌లోకి రాని కార్లు మన ముందే టైర్లు అరిపిస్తూ పోతాయి, పైసా ఖర్చు లేదు. నా కొలీగ్ తమ్ముడు ఆఖెన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు, ఖమ్మం పిల్లాడు, అన్నా నేనొస్తా అని బస్సులు మారి వచ్చాడు. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బా ఆ కంచె దగ్గరే తెరిచాం. ఆవ పెట్టిన పులిహోర రెండో రోజుకి ఎలా ఉంటుందో తెలుసు కదా, సెక్రటరీ ప్లాస్టిక్ చెంచాతో మూడుసార్లు వడ్డించుకున్నాడు. ఆ సాయంత్రం జనానికి తెరవాల్సింది, పొగమంచు దిగింది, తెరవలేదు. ఒక్క సాయంత్రం మాత్రమే ప్లాన్ చేసుకుని వచ్చేవాళ్ళ సంగతి ఇంతే, కనీసం రెండు మూడు సెషన్లు షీట్‌లో ఉండాలి, ట్రాక్ వెబ్‌సైట్ క్యాలెండర్ చూసి మరీ షటిల్ బుక్ చెయ్యాలి, 24 గంటల రేస్ వారం జోలికి అస్సలు పోవద్దు.

శుక్రవారం సాయంత్రం ఎండ. ల్యాప్ రేటు అప్పుడు, అంటే 2024లో, సోమ నుంచి గురు 30 యూరోలు, శుక్ర శని ఆది 35. నాది అద్దె సుజుకి స్విఫ్ట్, అవును మన స్విఫ్టే, ఊళ్ళో మా బావ నడిపేది కూడా అదే. ఎడమ స్టీరింగ్. జీవితమంతా ఎడమ చేత్తో గేర్ వేసినవాణ్ణి, మొదటి రెండు మలుపుల్లో గేర్ కోసం డోర్ హ్యాండిల్ పట్టుకున్నా. పక్కన ఇన్‌స్ట్రక్టర్‌ని పెట్టించుకోవడం ఖర్చే గానీ నేను పెట్టిన డబ్బుల్లో అన్నింటికన్నా కిట్టుబాటైంది అదే. ఆయన ఒక్కటే చెప్పాడు, అద్దం చూడు, వెనక ఎవడైనా వస్తే కుడి ఇండికేటర్ వేసి కుడికి జరుగు, ఇంకేం ఆలోచించకు. నిజంగా సగం పని అద్దంలోనే. వెనక చుక్కలా కనిపించిన పోర్షే రెండో చూపుకి పక్కన ఉంటుంది.

వీడియో గేమ్‌లో ఈ ట్రాక్ మీద వెయ్యి ల్యాపులు వేసినా ఏటవాలు గేమ్‌లో తెలీదు. ఫుక్స్‌రోరె అనే దిగుడు దగ్గర బావిలోకి దిగుతున్నట్టు ఉంటుంది, కింద కడుపు నొక్కుకుపోయి, వెంటనే ఎక్కుడు, ఎక్కాక అడెనౌవర్ ఫోర్స్ట్ మలుపు చివరి క్షణందాకా కనపడదు, యూట్యూబ్‌లో జనం గడ్డిలోకి పోయేది ఎక్కువ అక్కడే. కారసెల్ అనే మలుపులో సిమెంటు పళ్ళెంలోకి దిగితే దంతాలు కొట్టుకున్నాయి. లౌడా కారు అంటుకున్న చోటు పక్కనే ఉన్న బెర్గ్‌వెర్క్ మలుపు దాటేటప్పుడు ఆయన గుర్తొచ్చి కాలు దానంతట అదే లేచింది. పూర్తి రౌండ్ ఆపకుండా తిరగడం కుదరదు, ప్రతి ల్యాప్ చివర డోటింగర్ హోహే స్ట్రెయిట్ మీద స్లో చేసి బయటికొచ్చి మళ్ళీ గేటులో కార్డు పెట్టాలి. రెండో ల్యాప్‌కి కొంచెం ధైర్యం, మూడో ల్యాప్‌కి ఎక్కువ ధైర్యం, అప్పుడే ఇన్‌స్ట్రక్టర్ చాలు ఆపెయ్ అన్నాడు. మూడు చాలా అని అడిగితే చాలామంది గుద్దేది బాగా వచ్చేసింది అనుకున్నాకే అన్నాడు.

ఆ మాట అన్న పావుగంటకే ట్రాక్ మూశారు, ఎవరిదో హ్యాచ్‌బ్యాక్ రైల్‌కి గుద్దింది, మనిషికేం కాలేదు. యాభై నిమిషాలు పార్కింగ్‌లో నిలబడ్డాం. మళ్ళీ తెరిచాక మా సెక్రటరీ సొంత కారులో వెళ్ళి మొహం తెల్లబడి తిరిగొచ్చాడు. బ్రైడ్‌షైడ్‌కి దిగే చోట బ్రేక్ పెడల్ స్పాంజిలా లోపలికి పోయిందట, బ్రేక్ ఫ్లూయిడ్ మార్చి ఎన్నేళ్ళైందంటే గుర్తులేదన్నాడు. పాత ఫ్లూయిడ్ నీళ్ళు పీల్చుకుని ఉంటుంది, వరస బ్రేకులకి వేడెక్కి మరుగుతుంది, ఆవిరి పడితే పెడల్ ఉత్తదే. సొంత కారే తెస్తామంటే ఇంకేమీ చెయ్యకపోయినా కొత్త ఫ్లూయిడ్, ప్యాడ్లు వేయించుకుని రండి. ఆయన తర్వాత ఇంకో ల్యాప్ వెయ్యలేదు, ఎవరం ఏమీ అనలేదు.

శనివారం ట్రాక్ ఊసు లేదు. ఆర్ నది లోయ వైపు ఆల్టెనార్ దాకా, 2021 జులై వరదల్లో కొట్టుకుపోయిన లోయ, ఇంకా బాగుచేస్తూనే ఉన్నారు, కొన్నిచోట్ల ఇళ్ళకి కిటికీల్లేవు. తర్వాత మరియా లాఖ్ మఠం పక్కనున్న సరస్సు, అగ్నిపర్వతం బిలంలో నీళ్ళు నిండినది. రాత్రి భోజనం నూర్‌బర్గ్‌లో పిస్టెన్‌క్లౌజె, రింగ్ రాణి అని పేరున్న రేసర్ సబీన్ ష్మిట్స్ వాళ్ళ కుటుంబం హోటల్‌లో రెస్టారెంట్ అది, ఆమె 2021లో పోయింది. గోడలనిండా రేసర్ల సంతకాలు. అక్కడ కాలే రాయి మీద స్టేక్ ఫేమస్, శనివారం నేను నాన్‌వెజ్ ముట్టను, వెంకన్న మొక్కు. అందరి ముందూ మాంసం చిటపటలాడుతుంటే నా ప్లేట్‌లో తెల్ల ఆస్పరాగస్, బంగాళదుంపలు. సీజన్‌లో ఉన్నది కాబట్టి నిజంగా బాగుంది, కానీ శనివారం కాకుండా ప్లాన్ చేసుకోవాల్సింది, షీట్ వేసింది నేనే మరి.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం, ఆ రోజు జర్మనీలో పెద్ద లారీలు దాదాపు తిరగవు, రోడ్డు ఖాళీ. నాకు మొత్తం 900 పౌండ్ల దాకా అయింది, అందులో సగం దగ్గరగా ఆ స్విఫ్టే. కలే దగ్గర ఫ్రెంచ్ వాళ్ళు ఎగ్జిట్ స్టాంప్ కొట్టారు, పక్క బూత్‌లో బ్రిటిష్ ఆఫీసర్ నా యూకే రెసిడెన్స్ కార్డు చూసి ఎక్కడికెళ్ళావు అని అడిగాడు. నూర్‌బర్గ్‌రింగ్ అన్నా. తలెత్తి చూసి, ఎన్ని ల్యాపులు అన్నాడు. మూడు అన్నా.

మూడేనా, అన్నాడు.