రోలాండ్ మాడ్యూల్‌కి యమహా ప్యాడ్లు: మూడేళ్ల కాపురం

ఎలక్ట్రానిక్ డ్రమ్స్‌లో ఒక కంపెనీ మాడ్యూల్‌కి (శబ్దాలిచ్చే డబ్బా) ఇంకో కంపెనీ ప్యాడ్లు (మనం కొట్టేవి) పనిచేస్తాయా అని దుకాణంలో అడిగి చూడండి, పనిచేయవండీ, పూర్తి సెట్టే తీసుకోండి అంటారు. నేను మూడేళ్లకు పైగా రోలాండ్ టీడీ-17 మాడ్యూల్‌కి యమహా ప్యాడ్లు తగిలించి దాదాపు రోజూ వాయిస్తున్నాను. పనిచేస్తాయి. కాకపోతే ఏది వెంటనే పనిచేస్తుంది, ఏది నెల రోజులు నిద్ర లేకుండా చేస్తుంది, దేని మీద ఆశ వదులుకోవాలి అన్నది ఎవరూ ముందే చెప్పరు, అందుకే ఇది రాస్తున్నా.

నేను ఆర్కెస్ట్రాలో ప్యాడ్ వాయిస్తాను. పెళ్లిళ్ల సీజన్‌లో బయట ఆక్టోప్యాడ్, ఇంట్లో ప్రాక్టీస్‌కి మాత్రం డ్రమ్ కిట్ కావాలి. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్, కాబట్టి మామూలు డ్రమ్స్ మాట ఎత్తకూడదు. టీడీ-17 మాడ్యూల్ ఒక్కటే సెకండ్ హ్యాండ్‌లో దొరికింది, కేబుల్ గుత్తితో సహా. ఈ గుత్తి సంగతి ముందే చూసుకోండి. ఈ మాడ్యూల్ వెనక ప్యాడ్‌కొక జాక్ ఉండదు, 25 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది, దాంట్లోంచి వచ్చే వైర్ల గుత్తే అన్ని ప్యాడ్లకీ వెళ్తుంది. అది లేకుండా మాడ్యూల్ కొంటే డబ్బాని చూస్తూ కూర్చోవాలి. విడిగా ఉండే జాక్‌లు రెండే, క్రాష్ 2 కి (రెండో క్రాష్ సింబల్) ఒకటి, ఆక్స్‌కి (అదనంగా పెట్టుకునే ప్యాడ్) ఒకటి.

ప్యాడ్లు వేరే ఆయన దగ్గర కొన్నాను. ఆయన మాడ్యూల్‌ని తనే ఉంచుకుని మిగతావన్నీ అమ్మేశాడు: ఎక్స్‌పీ80 స్నేర్, టీపీ70 టామ్‌లు మూడు, కాలితో మోగించే కిక్ ప్యాడ్, పీసీవై135 సింబల్స్ మూడు, హైహ్యాట్ (కాలితో మూసి తెరిచే సింబల్ జత) ప్యాడ్, దాని పెడల్, స్టాండ్‌తో కలిపి. కొత్త రోలాండ్ ప్యాడ్లు కొనాలంటే అయ్యే ఖర్చులో మూడో వంతు కూడా కాలేదు. నా ధైర్యం అంతా అక్కడే ఉంది.

మొదటి సాయంత్రమే టామ్‌లు మోగాయి. ఏ బ్రాండ్ ప్యాడైనా లోపల ఉండేది పియెజో బిళ్లే, కొడితే చిన్న కరెంటు పుడుతుంది, వైరు చివరి మొన మీదుగా మాడ్యూల్‌కి చేరుతుంది. అంతవరకు ఏ కంపెనీదైనా ఒకే భాష. మాడ్యూల్ మెనూలో మాత్రం యమహా పేరుతో ప్యాడ్ రకం ఏదీ ఉండదు, రోలాండ్ సొంత ప్యాడ్ల పేర్లే ఉంటాయి, వాటిలో మన ప్యాడ్‌కి దగ్గరి చుట్టం ఎవరో మనమే వెతుక్కోవాలి. టీపీ70 రబ్బరు ప్యాడ్ కాబట్టి రబ్బరుదే అయిన పీడీ8 అని పెట్టాను, సెన్సిటివిటీ కాస్త సర్దాను, అంతే. ఈ మూడేళ్లలో వాటి ప్యాడ్ రకం జోలికి మళ్లీ వెళ్లలేదు.

తర్వాత క్రాష్, అంటే ఝల్లుమని మోగే సింబల్స్. ఒకటి గుత్తిలో ఉన్న వైరుకే పెట్టాను, చక్కగా మోగింది, అంచు పట్టుకుంటే ఆగింది కూడా. రెండోది వెనక క్రాష్ 2 జాక్‌కి పెట్టాలి, దానికి వైరు మనదే. ఆర్కెస్ట్రా బ్యాగులో గిటార్ వైరు ఉంటే అది తీసి గుచ్చాను. కొడితే "టక్" మని ఆగిపోతోంది. గట్టిగా కొట్టినా టక్కే. సింబల్ పోయిందనుకున్నాను, అమ్మినాయనకి ఫోన్ చేసి కొంచెం కటువుగానే మాట్లాడాను కూడా. మర్నాడు రెండు సింబల్స్‌నీ అటూ ఇటూ మార్చి చూస్తే పోయిందనుకున్నది గుత్తి వైరు మీద శుభ్రంగా మోగుతోంది, బాగున్నది వచ్చి గిటార్ వైరు మీద టక్కుమంటోంది. గిటార్ వైరు మోనో. దాని ప్లగ్ మీద నల్ల గీత ఒకటే ఉంటుంది, స్టీరియో ప్లగ్ మీద రెండు. స్టీరియో ప్లగ్‌లో మధ్య రింగు సింబల్ అంచులోని స్విచ్ కోసం. మోనో ప్లగ్‌లో ఆ రింగు ఉండాల్సిన చోటు ఎర్త్‌కి కలిసిపోయి ఉంటుంది కాబట్టి, ఎవరో సింబల్ అంచుని ఎప్పుడూ పట్టుకునే ఉన్నారని మాడ్యూల్ అనుకుంటుంది. స్టీరియో వైరు వేయగానే సమస్య పోయింది. ఆయనకి మళ్లీ ఫోన్ చేసి సారీ చెప్పాను, నవ్వాడు పాపం.

రైడ్ (లయ నడిపే సింబల్) దగ్గర నిజంగానే ఓడిపోయాను. పీసీవై135 కి మూడు జోన్లు: పైభాగం, అంచు, మధ్యలో బెల్. యమహా ఈ మూడింటినీ ఒకే వైరులో పంపిస్తుంది, స్విచ్‌లకి వేర్వేరు రెసిస్టర్లు పెట్టి, ఆ తేడాని బట్టి ఏ చోట కొట్టారో యమహా మాడ్యూల్ గుర్తుపడుతుంది. రోలాండ్ పద్ధతి వేరు, సీవై-13ఆర్ లాంటి మూడు జోన్ల రైడ్‌కి ప్యాడ్ నుంచి రెండు వైర్లు వస్తాయి. రెండూ మంచి పద్ధతులే, కానీ ఒకదాని లెక్క ఇంకోదానికి తెలియదు. నా దగ్గర పైభాగం, అంచు విడివిడిగా మోగుతాయి, చోక్ (అంచు పట్టుకుంటే ఆగడం) పనిచేస్తుంది, బెల్ మాత్రం విడిగా రాదు. "ఏ బ్రాండ్‌నైనా కలుపుతుంది" అని ఆన్‌లైన్‌లో ఎవరో అమ్మే కన్వర్టర్ వైరు తెప్పించాను, అది వచ్చాక ఉన్న అంచు కూడా పోయింది, తిరిగి తీసుకోమంటే జవాబు లేదు. చివరికి ఒక చిన్న సింగిల్ జోన్ ప్యాడ్‌ని రైడ్ పక్కనే బిగించి ఆక్స్‌లో గుచ్చి దానికి బెల్ శబ్దం ఇచ్చుకున్నాను. చూడ్డానికి ఏడ్చినట్టే ఉంటుంది. చేతికి వారంలో అలవాటైపోయింది.

స్నేర్ కథ ఇంకా పొడుగు. ఎక్స్‌పీ80 మీద కొట్టడం నాకు చాలా ఇష్టం, మెత్తటి సిలికాన్, మెష్ (వల లాంటి గుడ్డ) లాగా ఎగరదు, రబ్బరు లాగా మణికట్టుకి దెబ్బ తగలదు. మధ్యలో కొట్టే దెబ్బలకి టీడీ-17 బాగా పలికింది. రిమ్ (చుట్టూ ఉండే అంచు) దగ్గరే చిక్కు. ఈ ప్యాడ్ రిమ్ స్విచ్ పద్ధతి, రోలాండ్ పెద్ద మెష్ స్నేర్లలో రిమ్‌కి విడిగా ఇంకో పియెజో ఉంటుంది. పీడీ8 రకం పెడితే రిమ్‌షాట్ (మధ్యకీ అంచుకీ ఒకేసారి తగిలే దెబ్బ) వచ్చింది, మెలోడీ పాటల్లో కర్ర అడ్డంగా పడుకోబెట్టి "టిక్ టిక్" మనిపించే క్రాస్ స్టిక్ మాత్రం సరిగ్గా రాలేదు. నాకు సగం పాటలు అవే. పాత 12 అంగుళాల స్నేర్ డ్రమ్ ఒకటి అటక మీద ఉంది, దానికి మెష్ హెడ్ (పైన కొట్టే పొర) వేసి, కోఠి గుజరాతీ గల్లీలో 35 మిల్లీమీటర్ల పియెజో బిళ్లలు కొని (టీ, సమోసా డబ్బుల్లో వచ్చేస్తాయి, అరడజను కొనండి, టంకం వేసేటప్పుడు రెండైనా పోతాయి), ఒకటి హెడ్ కింద స్పాంజి శంకువు అడుగున, ఇంకోటి లోపలి గోడకి అతికించాను. మొదట హెడ్ దెబ్బలు ఒకటి గట్టిగా ఒకటి నీరసంగా వచ్చాయి. బిళ్ల వైర్లు రెండూ తిరగేసి టంకం వేస్తే దారికొచ్చింది, దెబ్బ పడగానే వచ్చే మొదటి అల పైకా కిందకా అన్నది కూడా తేడా తెస్తుందని అలా తెలిసింది. ఎక్స్‌పీ80 ఇప్పుడు మూడో టామ్‌గా నేల టామ్ చోట ఉంది. అంటే టామ్ 3 వైరు దానిది, పాత టీపీ70 ఒకటి ఖాళీ అయింది, రైడ్ పక్కన చెప్పిన చిన్న ప్యాడ్ అదే.

ఇక సెట్టింగ్‌లు. కిక్ ఒక్కసారి తొక్కితే రెండుసార్లు మోగేది. మాస్క్ టైమ్ పెంచమని ఎవరో అంటే 40 మిల్లీసెకన్లకి తీసుకెళ్లాను, డబుల్ ట్రిగ్గర్ పోయింది, బాగుంది కదా అని టామ్‌లకి కూడా అదే పెట్టేశాను. ఆదివారం తీన్‌మార్ వాయిస్తుంటే చేతులు తప్పుతున్నాయా అని నా మీద నాకే అనుమానం వచ్చింది. అసలు దెబ్బకి ముందు చిన్నగా ఆనించి కొట్టే జంట దెబ్బ ఉంటుంది చూడండి, అందులో ఆ ముందు చిన్న దెబ్బే వినిపిస్తోంది, వెనకొచ్చే అసలు దెబ్బ మాయం. మాస్క్ టైమ్ అంటే ఒక దెబ్బ తర్వాత అంతసేపు మాడ్యూల్ చెవులు మూసుకోవడం, రెండో దెబ్బ ఆలోపు పడితే దానికి వినపడదు. టామ్‌లకి 8 కి దించాను. కిక్‌కి మాస్క్ తగ్గించి రీట్రిగ్గర్ క్యాన్సిల్ (ఒకే దెబ్బ రెండుసార్లు మోగకుండా ఆపే ఇంకో సెట్టింగ్) ఒకటొకటిగా పెంచుతూ పోయాను, అది కూడా ఎక్కువైతే వేగంగా కొట్టే దెబ్బల్ని మింగేస్తుంది, కాబట్టి డబుల్ ఆగిన చోటే ఆపేయాలి. ఇంకో మాట, కిక్ ప్యాడ్ కింద కాళ్లు వదులుగా ఉన్నాయి, అవి బిగించాక సగం రోగం సెట్టింగ్ ముట్టకుండానే పోయింది. ముందు స్పానర్, తర్వాత మెనూ.

క్రాస్‌టాక్ (ఒకటి కొడితే ఇంకోటి మోగడం) పెద్దగా లేదు. టామ్ 1 గట్టిగా కొడితే క్రాష్ చిన్నగా మోగేది, క్రాష్ థ్రెషోల్డ్ (కనీసం ఎంత గట్టిగా తగిలితే మోగాలి అన్నది) రెండు మెట్లు పెంచాను.

హైహ్యాట్‌లో డబ్బు ఆదా చేయాలని చూడకండి. ప్యాడ్ ఏదైనా నడుస్తుంది, పెడల్ నడవదు. పెడల్ ఎంత నొక్కామో దాన్ని బట్టి రెసిస్టెన్స్ మారుతుంది, ఎంత నుంచి ఎంత వరకు మారాలి, ఏ వైరు మీద రావాలి అన్నది ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. సెట్‌తో వచ్చిన పెడల్‌తో నాకు మూసింది, తెరిచింది రెండే వచ్చాయి, మధ్యలో "స్స్" మనే సగం తెరిచిన శబ్దం రాలేదు. నెలన్నర కుస్తీ పట్టి, చివరికి రోలాండ్ ఎఫ్‌డీ-8 పెడల్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పది నిమిషాల్లో పని అయిపోయింది. ఆ నెలన్నర వెనక్కి వస్తే బాగుండు.

ఒకే బ్రాండ్ కొంటే ఏ గొడవా ఉండదనుకునే వాళ్లకి ఒక విషయం. రోలాండ్ డిజిటల్ ప్యాడ్లు, పీడీ-140డీఎస్ లాంటివి, యూఎస్‌బీ మీద పనిచేస్తాయి, టీడీ-17 కి అవి తగలవు. ఇంటిపేరు ఒకటే, మాటల్లేవు. కొనేముందు ప్యాడ్ వైరు చివర ఏముందో చూసుకోవాలి, పేరు కాదు.

ఇదంతా మీకు సరిపడుతుందా అంటే, టంకం వేయడం వచ్చి, ఖాళీ సాయంత్రాలు ఓ ఇరవై ఉంటే చేయండి. స్కూల్ పిల్లాడికి కొనిపెట్టే కిట్ అయితే వద్దు, వాడు డ్రమ్స్ నేర్చుకోవాలి, మాస్క్ టైమ్ కాదు.

అన్నీ కుదిరాక సెట్టింగ్‌లని ఎస్‌డీ కార్డులో బ్యాకప్ తీసుకోండి. నేను తీయలేదు, మా అన్నయ్య కొడుకు "ఫ్యాక్టరీ రీసెట్ అంటే ఏంటి బాబాయ్" అని అడుగుతూనే నొక్కాడు. మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవడానికి రెండు రాత్రులు పట్టింది. ఈసారి అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి మాడ్యూల్ వెనక అతికించాను. కావాలంటే ఇస్తాను, కానీ నా కిక్ కాళ్లు బిగించి ఉన్నాయి, మీవి ఎలా ఉన్నాయో ముందు చూసుకోండి.