విదేశానికి పంపే యంత్రం: అడాప్టరా, అక్కడి ప్లగ్గా, వట్టి వైరా?

పరాయి దేశానికి యంత్రం పంపేటప్పుడు కరెంటు కనెక్షన్‌కు మూడు దారులున్నాయి: ఉన్న ప్లగ్గుకే అడాప్టర్ తగిలించడం, ఆ దేశపు ప్లగ్గుతో పవర్ కార్డ్ ఇవ్వడం, ప్లగ్గు లేకుండా వైరు కొసలు వదిలి అక్కడి ఎలక్ట్రీషియన్‌కు అప్పగించడం.

అడాప్టర్ చవక. అయినా ఇనుప బాడీ ఉన్న యంత్రానికి నేనైతే ససేమిరా ఒప్పుకోను. ప్రయాణాల్లో వాడే చాలా అడాప్టర్లలో ఎర్త్ ఉండదు. యంత్రం మాత్రం చక్కగా తిరుగుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. లోపల ఇన్సులేషన్ చెడి ఫేజ్ వైరు బాడీకి తగిలితే ఫ్యూజు పోదు, ముట్టుకున్న మనిషికి షాక్ కొడుతుంది. ఎర్త్ అక్కర్లేని చిన్న ఛార్జర్లకైతే అడాప్టర్ చాలు.

ఈ ప్రమాదం అడాప్టర్ లేకపోయినా వస్తుంది. జర్మనీ సాకెట్‌లో ఎర్త్ పట్టీలు పక్కల ఉంటాయి, ఫ్రాన్స్‌లో ఎర్త్ పిన్ను సాకెట్ నుంచే పొడుచుకు వస్తుంది. రెండింటికీ సరిపోయే ఉమ్మడి ప్లగ్గు ఉంది. అదే ప్లగ్గు డెన్మార్క్ పద్ధతి సాకెట్‌లోనూ దూరుతుంది, కానీ అక్కడ ఎర్త్ తగలదు. ఆర్డరులో ‘యూరప్’ అని రాసి ఊరుకుంటే చాలదన్నమాట.

10 ఆంపియర్ల లోపు యంత్రాలకు నా ఓటు రెండో దారికే. వెనక సీ14 ఇన్‌లెట్ (కంప్యూటర్ వెనక కార్డ్ గుచ్చే చోట ఉండే మూడు పిన్నుల గూడు లాంటిది) బిగిస్తే యంత్రం ఒకటే, దేశాన్ని బట్టి కార్డ్ మారుతుంది. బ్రిటన్ కార్డ్‌కు ప్లగ్గులోనే ఫ్యూజు ఉంటుంది. అక్కడి ఇళ్లలో సాకెట్ల రింగ్ సర్క్యూట్‌కు (చాలా సాకెట్లను వలయంలా కలిపే ఒకే వైరింగుకు) 32 ఆంపియర్ల బ్రేకర్ ఉంటుంది, సన్నని కార్డ్‌ను అది కాపాడలేదు. అమెరికాతో చిక్కు వోల్టేజీది. 230 వోల్టుల దగ్గర 2000 వాట్ల హీటరు 9 ఆంపియర్ల లోపే లాగుతుంది. 120 వోల్టులకు తయారుచేసిన 2000 వాట్ల హీటరుకు దాదాపు 17 కావాలి, మామూలు సాకెట్ సామర్థ్యం 15 మాత్రమే. జపాన్‌లో 100 వోల్టులే, పైగా చాలా సాకెట్లకు రెండు రంధ్రాలే.

పెద్ద మోటార్లకు, త్రీఫేజ్‌కు మూడో దారే మేలు. వైరు రంగులు మాత్రం కాగితం మీద రాసి పంపాలి: యూరప్‌లో గోధుమ రంగు ఫేజ్, నీలం న్యూట్రల్, అమెరికాలో నలుపు ఫేజ్, తెలుపు న్యూట్రల్.

ఏ దారి పట్టినా లీకేజీ కరెంటు, అంటే యంత్రం నుంచి ఎర్త్‌లోకి కారే కరెంటు, కొలవాల్సిందే. యూరప్‌లో షాక్ నుంచి కాపాడే బ్రేకర్ సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లది, అమెరికాలో అలాంటిది సుమారు 5 దగ్గరే పడిపోతుంది. కరెంటులోని అలజడిని ఆపే ఫిల్టర్లు మామూలుగానే కొంత కరెంటును ఎర్త్‌లోకి వదులుతాయి. అలాంటి యంత్రాలు రెండు ఒకే లైనులో పెడితే, ఏ లోపమూ లేకుండానే ట్రిప్ కావచ్చు. ఇక నార్వేలో చాలాచోట్ల న్యూట్రలే ఉండదు, సాకెట్‌లోని రెండు వైర్లూ ఫేజ్‌లే. జర్మనీ ప్లగ్గును ఎటు తిప్పి గుచ్చినా దూరుతుంది, కాబట్టి ఫేజ్ ఏ వైరులోకైనా రావచ్చు. అందుకే ఈ దేశాలకు పంపే యంత్రంలో స్విచ్చు రెండు వైర్లనూ తెంచేదై ఉండాలి.