పాత ఎస్-క్లాస్ అయినా ఎం5 అయినా, బిల్లు చూడకుండా బయానా ఇవ్వొద్దు

"కలెక్టర్ పీస్ సార్, పని మొత్తం చేయించాం, పెట్రోల్ పోసి తిప్పుకోవడమే." చేతులు కాలేది ఎక్కువగా ఈ మాట దగ్గరే. ఏ పని? ఏ భాగం? బిల్లేది?

దర్జా కోసం 1991-98 నాటి మెర్సిడెస్ ఎస్-క్లాస్ (డబ్ల్యూ140), దూకుడు కోసం 2005-10 నాటి బీఎండబ్ల్యూ ఎం5 (ఈ60). రెండింటినీ ఒకే చెక్‌లిస్టుతో చూస్తే మునిగినట్టే. బెంజ్ కొద్దికొద్దిగా జేబు కోస్తుంది. ఎం5 ఒక్క దెబ్బకి ఇంజిన్ మింగుతుంది.

ఎం5ది 5.0 లీటర్ల వీ10 (పది సిలిండర్ల ఇంజిన్), 507 హార్స్‌పవర్, 8,250 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్ అనే ప్రధాన ఇరుసుకి కలిపే కడ్డీ) బేరింగులు అరగడం దీనికి పేరుమోసిన జబ్బు. బేరింగ్ సందు తక్కువ, పోసేది చిక్కటి 10డబ్ల్యూ-60 ఆయిల్. వేడెక్కకముందే తొక్కితే షెల్స్‌ని (బేరింగు అరముక్కల్ని) తినేస్తుంది. టకటక వినబడేసరికి క్రాంక్ కూడా గీరుకుపోయి ఉండొచ్చు. "బేరింగులు మార్చేశాం" అంటే బిల్లు తీసుకుని లెక్కపెట్టండి: షెల్స్ 20, కొత్త రాడ్ బోల్టులు 20. ఆ బోల్టులు బిగించేటప్పుడు సాగుతాయి, పాతవి మళ్లీ వాడకూడదు. బిల్లులో బోల్టులు లేకపోతే ఆ పనిని లెక్కలోకి తీసుకోకండి. బిల్లే లేదంటే ఆయిల్ శాంపిల్ ల్యాబుకి పంపి, బేరింగుల నుంచి రాలిన రాగి, సీసం ఎంతున్నాయో చూడండి. నిన్నగాక మొన్న మార్చిన ఆయిల్ అయితే ఆ పరీక్ష దండగ (చూపించే ముందు ఆయిల్ మార్చేది ఊరికే కాదు).

మీరు వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉందా? మర్నాడు రండి, చల్లటి ఇంజిన్‌నే స్టార్ట్ చేయించండి. ఆయిల్ వేడెక్కేకొద్దీ ఆర్‌పీఎం మీటర్లో హెచ్చరిక లైట్లు పైకి జరుగుతాయి. అవి కిందే ఉండగా అమ్మేవాడు రేస్ చేస్తే, రోజూ అలాగే నడిపాడని అర్థం.

స్కానర్లో లోపాల కోడ్స్ లేవని సంబరపడకండి. రెడీనెస్ టెస్టులు (బండి కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు) "పూర్తి కాలేదు" అని చూపిస్తే, కోడ్స్ ఈమధ్యే చెరిపారనో బ్యాటరీ తీశారనో లెక్క. థ్రాటిల్ యాక్చుయేటర్లు (ఇంజిన్‌లోకి గాలి వదిలే రేకుల్ని తిప్పే మోటార్లు), ఎస్ఎంజీ గేర్‌బాక్స్ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు మార్చేది) పంపు గోల అలాగే దాస్తారు.

ఇక బెంజ్. 1995 దాకా వచ్చిన బళ్లలో ఇంజిన్ వైరింగ్ పైతొడుగు వేడికి పొడిపొడి అవుతుంది. థ్రాటిల్ దగ్గర వైరుని మెల్లగా వంచండి, చిట్లి రాగి కనబడితే హార్నెస్ (వైర్ల కట్ట) మొత్తం మార్చాలి. ఏసీ ఎవాపరేటర్ (లోపలి గాలిని చల్లబరిచే భాగం) కారితే డ్యాష్‌బోర్డు అంతా ఊడదీయాలి, అసలు ఖర్చు కూలీదే. రెండు పొరల కిటికీ అద్దాల మధ్య తేమ పట్టిందేమో చూడండి. క్లోజింగ్ అసిస్ట్ ఉన్న బండి తలుపుని సగం వేసి వదలండి, పంపు దానంతటదే లాక్కోవాలి.

తక్కువ కిలోమీటర్లని ఊరిస్తే ముందు టైరు చూడండి. దాని పక్కన నాలుగంకెల తయారీ తేదీ ఉంటుంది: 2308 అంటే 2008లో 23వ వారం. అంత పాత టైర్ల మీద టెస్ట్ డ్రైవ్‌కి కూడా ఎక్కొద్దు.