ముసురులో ఏటిగట్టు మీద రెండు కుక్కలతో మూడు రోజులు

అసలు అనుకున్నది మారేడుమిల్లి వైపు గుడిస కొండ. మా లడ్డు నాలుగేళ్ల లాబ్రడార్. బావ పెంచుకుంటున్న కర్రి వీధిలో దొరికిన నల్ల నాటుకుక్క. రెండింటినీ తీసుకుని కొండెక్కాలని జూలై నుంచీ ఏర్పాట్లు చేసుకున్నాం. తీరా గత ఆగస్టులో బయల్దేరే వారమే అల్పపీడనం పట్టుకుంది. వానలో ఘాట్ రోడ్డు మీద ఈ రెండింటితో వద్దన్నాడు బావ. సెలవులు పెట్టేశాం, సంచులు సర్దేశాం. అమలాపురంలో కిటికీ దగ్గర కూర్చోలేక ఏటిగట్టు పట్టుకున్నాం. పి.గన్నవరం అక్విడెక్టు (ఏటి మీద కాలువని దాటించే వంతెన) నుంచి గోదావరి పాయ వైనతేయ గట్టున అప్పనపల్లి, అక్కడి నుంచి దిండి, ఆఖరికి అంతర్వేది.

కోనసీమంతా చదునే కదా, నడకకు ఏం కష్టం అని చాలామంది అడిగారు. కొండ మీద వాన ముదిరితే కిందికి దిగిపోవచ్చు. గట్టు మీద దిగడానికి చోటుండదు. ఒక పక్క ఎర్రనీరు, రెండో పక్క మునిగిన చేలు, మధ్యలో కాలు నిలవని బంకమట్టి. ఊళ్లోకి దిగే ర్యాంపు వచ్చేదాకా నడవాల్సిందే. అందుకే ప్రతి ర్యాంపు దగ్గరా ఆగి, తర్వాతిది ఎంత దూరమో అక్కడివాళ్లని అడిగి కదిలేవాళ్లం.

పొద్దున్నే గోదావరి ఎగువన భద్రాచలం నీటిమట్టం, ధవళేశ్వరం ఆనకట్ట నీటిమట్టం చూడకుండా గట్టెక్కలేదు. అక్కడ పెరిగిన నీరు మన దాకా రావడానికి కొంత వ్యవధి ఉంటుంది, ఆ వ్యవధిలోనే నిర్ణయం తీసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. రెండోది వస్తే ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలని ముందే మాట అనుకున్నాం. 1986 వరద కథలు తాతయ్య నోట విని పెరిగినవాళ్లం మేము.

గన్నవరం దగ్గర పైన కాలువ నీరు నింపాదిగా పోతుంటే కింద వైనతేయ సుడులు తిరుగుతోంది. మనుషులకి ఎంతసేపు చూసినా తనివి తీరని చోటు. కుక్కలకి మాత్రం కాదు. నీటి హోరుకి లడ్డు తోక ముడుచుకుని నా కాళ్ల మధ్య దూరింది. పది నిమిషాల్లో అక్కణ్ణుంచి కదిలాం.

ఆ రోజు నడకంతటిలో ఎక్కువ భయపడింది పాముల గురించి. లంకలు, అంటే ఏటి మధ్య దిబ్బలు, మునిగేకొద్దీ పాములన్నీ మెరక వెతుక్కుంటూ గట్టెక్కుతాయి. ఓ తాటిచెట్టు మొదట్లో కర్రి ఉన్నట్టుండి బిగుసుకుపోయింది, వెన్ను మీద వెంట్రుకలు నిక్కపొడుచుకున్నాయి. బావ తాడు లాగి పట్టుకున్నాక చూస్తే తడిగడ్డిలో చుట్ట చుట్టుకుని రక్తపింజరి. లాగితే సాగే పొడుగు తాడు కట్టి ఉంటే కర్రి ముక్కు అప్పటికే దాని దగ్గర ఉండేది. బారెడు తాడు, గట్టి పట్టా. ఇంతకు మించి ఏ ఖరీదైన సామానూ ఇక్కడ అక్కర్లేదు.

ఇంకాస్త ముందుకెళ్తే లంక రైతులు గేదెల్ని గట్టు మీదికి తోలుకొచ్చి టార్పాలిన్లు కడుతున్నారు. మమ్మల్ని చూడగానే ఓ పెద్దావిడ కేకేసింది. "బాబూ, కుక్కల్ని ఆ పక్కనించి తీసుకెళ్లండి! ఈనిన గేదుంది, చూసిందంటే కుమ్మేస్తాది." బురదలోకి దిగి చుట్టూ తిరిగి వెళ్లాం. ఆ రోజుల్లో గట్టు వాళ్ల ఇల్లు. మనం సరదాకి నడుస్తున్నవాళ్లం, తప్పుకోవాల్సింది మనమే.

ఊరకుక్కల సంగతి చెప్పకపోతే ఈ రాత అసంపూర్ణం. ప్రతి ర్యాంపుకీ ఒక గుంపు ఉంటుంది, కొత్త కుక్కని పొలిమేర దాటనివ్వదు. పరిగెత్తితే తరుముతాయి. మేం ఆగిపోయి, మా రెండింటినీ వెనక్కి తెచ్చి, చేతికర్ర నేలకి ఆనించి నించునేవాళ్లం. ఎవరో ఒకరు బయటికొచ్చి అదిలించేవారు. అలా అదిలించినవాళ్లలో ముగ్గురు టీ తాగి వెళ్లమన్నారు, ఇద్దరి ఇళ్లలో తాగాం కూడా.

అప్పనపల్లిలో బాలబాలాజీ దర్శనం వంతులవారీగా చేసుకున్నాం. నేను లోపలికెళ్తే బావ కుక్కలతో బయట, బావ వెళ్తే నేను. అన్నదానంలో వేడివేడి భోజనం, ఆ తడిలో ప్రాణం లేచొచ్చింది. నడక అక్కడితో ఆపి మామిడికుదురు మీదుగా దిండికి వ్యాను మాట్లాడుకున్నాం. కుక్కలున్నాయని ముందే చెప్పి, సీట్ల కింద పరవడానికి మా గోనెపట్టాలే వేస్తామంటే డ్రైవరు అభ్యంతరం పెట్టలేదు. ఆటోల్లో ముగ్గురు కాదన్నారు. వానాకాలం తడికుక్కల్ని ఎక్కించుకోమంటే వాళ్ల ఇబ్బందీ నిజమే.

దిండి మాత్రం బాధపెట్టింది. గోదావరి ఇంకో పాయ వశిష్ఠ ఒడ్డు, కొబ్బరితోటలు, హౌస్‌బోట్లు, చూడ్డానికి ఇంతకన్నా అందమైన చోటు కోనసీమలో తక్కువ. కానీ మేం డబ్బు కట్టిన బసవాళ్లు ఫోన్లో కుక్కలకి పర్వాలేదన్నారు, వెళ్లాక కార్ల షెడ్డు చూపించారు. మూడు వైపులా గోడ లేదు, ఈదురుగాలికి వాన అడ్డంగా కొడుతోంది. రోజంతా తడిసిన జంతువుని రాత్రి కూడా అలా వదిలేస్తే ఒళ్లు చల్లబడిపోతుంది. అడిగితే కట్టిన డబ్బులో సగమే వెనక్కిచ్చారు. కుక్కలతో వెళ్లేవాళ్లు "పర్వాలేదు" అన్న మాటతో ఆగకండి. ఎక్కడ పడుకోబెట్టాలి, అక్కడ నేల పొడిగా ఉంటుందా అని అడగండి, ఫొటో పంపమనండి.

చీకటి పడ్డాక డ్రైవరే రాజోలు వైపు తనకి తెలిసిన ఓ మండువా ఇంటికి తీసుకెళ్లాడు. పైన ఒక గది, కింద పొడుగాటి వరండా. అమ్మగారు మమ్మల్ని పలకరించే ముందే కుక్కల కాళ్లు చూసి గోరువెచ్చని నీళ్లు పెట్టింది. ఎండు గోనెసంచులు, వరండా మూల కొబ్బరిపీచు పరుపు, వాటికి పెరుగన్నం, మాకు పెసరట్లు. గది సాదాసీదా, వేడినీళ్లు కట్టెలపొయ్యి మీదే, రాత్రంతా కరెంటు లేదు. అయినా ఈ మూడు రోజుల్లో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే బస అదొక్కటే.

అదే సాయంత్రం ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఇచ్చారు. మర్నాడు గట్టు నడక మానేసి రోడ్డు మీదే అంతర్వేది వెళ్లాం. నరసింహస్వామి గుడి దగ్గర మళ్లీ వంతులు. సంగమం దగ్గర నది మట్టిరంగు సముద్రంలోకి చాలా దూరం చొచ్చుకుపోయింది. గాలికి నిలబడటమే కష్టం, ఇసుక కళ్లలో కొడుతోంది. కుక్కల్ని నీటి అంచుకి కూడా పోనివ్వలేదు. అంతలోనే కర్రి పాదం ఆలిచిప్ప మీద పడి కోసుకుంది.

దారిలో మండల కేంద్రంలోని పశువుల ఆసుపత్రిలో డాక్టరుగారు గాయం కడిగి కట్టుకట్టి, టీకాల పుస్తకం అడిగారు. వరదనీటిలో ఎలుకల మూత్రం కలుస్తుంది, పుండు ఉన్న కాలితో ఆ నీళ్లలో దిగితే ఎలుక జ్వరం వస్తుంది, అది మనుషులకీ వస్తుంది అని వివరంగా చెప్పారు. ఏటా వేయించే టీకా కర్రికి మే నెలలోనే పడింది కాబట్టి బావ ఊపిరి పీల్చుకున్నాడు. గుంటల్లో నీళ్లు తాగకుండా మేం అయిదు లీటర్ల డబ్బా మోసింది కూడా ఇందుకే.

సఖినేటిపల్లి రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురంలో బావ ఇంటికి చేరాలన్నది మా ఆలోచన. వరదకి పంటు ఆపేశారు. రేవులో ఎవరూ బతిమాలట్లేదు, ఆ నీటిని చూస్తే బతిమాలాలనీ అనిపించదు. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రాత్రి ఎనిమిదింటికి చేరాం.

కర్రి గాయం పది రోజుల్లో మానింది. డిసెంబరులో గట్టు ఎండాక మళ్లీ వస్తామని రాజోలు అమ్మగారికి ఫోన్ చేస్తే, ముందు కుక్కలు రెండూ వస్తున్నాయా లేదా చెప్పమంది.